సభాధనము – సభాధర్మము

సభ ముగిసిన మరునాడు పత్రికలలో అధ్యక్షోపన్యాసము అచ్చగును. తీర్మానముల పాఠము వెలువడును. ఎవరు పద్యములు చదివిరో, ఎవరికి శాలువలు కప్పిరో అందరికిని తెలియవచ్చును. పందిరి వేసినవారికి కూలి యెవరిచ్చిరి, దూరమునుండి వచ్చిన ప్రతినిధుల భోజనమునకు బియ్యమెక్కడివి, మిగిలిన సొమ్ము ఏమయ్యెను అను సంగతులు మాత్రము ఎవరును వ్రాయరు. అవి చిల్లర విషయములని మన భావము. కాని ఒక జాతి తన సంస్కృతిని ఎట్లు నిలుపుకొన్నదో తెలిసికొనగోరువారు ఉపన్యాస సంపుటములతోపాటు జమాఖర్చుల పుస్తకమును గూడ తెరచి చూడవలెను. సభకు ఎవరు డబ్బిచ్చిరో, ఆ డబ్బు ఏ నియమమునకు లోబడి ఖర్చయ్యెనో తెలిసినగాని ఆ సభ ఎవరిదో తెలియదు.

రేడియో ఉన్న ఇండ్లవారికి ఈ సంగతి కొంత అనుభవములోనిదే. ఒకప్పుడు రేడియో కొన్న ప్రతి గృహస్థుడును ఏటేట తపాలా కార్యాలయమునకు పోయి లైసెన్సు రుసుము చెల్లించి వచ్చెడివాడు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రసారములు ప్రారంభించిన పిమ్మట కోనసీమ కొబ్బరితోటలలోని పెంకుటిండ్లకు సైతము పాటకచేరీలు, నాటకములు, పండితుల ప్రసంగములు నడచి వచ్చినవి. వాని వెనుక ఇట్టి చిన్న రుసుముల పెద్ద మొత్తము కొంత యుండెను. ఆ లైసెన్సు పద్ధతి ఇప్పుడు లేదు. కాని పెద్ద సంస్థను పలువురి చిన్న చేతులు ఎట్లు మోయగలవో అది మనకు చూపిపోయినది.

సభకు చేరు ధనమునకు మన భాషలో పలు పేర్లున్నవి. సంభావన, దానము, చందా, విరాళము అనునవి మనకు అలవాటైన మాటలు. గ్రాంటు అనునది ఇంగ్లీషునుండి వచ్చి మనదైపోయినది. ఇవి యన్నియు ఒకటే యని తోచును గాని, ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క సంబంధమున్నది. ఇచ్చువాడు పైనున్నాడా, పక్కనున్నాడా. పుచ్చుకొనువాడు లెక్క చెప్పవలెనా, అక్కరలేదా అను భేదమున్నది. ఈ మాటల చరిత్రను కోనసీమనుండి మొదలుపెట్టి జాతీయ అకాడమీల వరకు ఒకమారు పరికింతము.

గౌతమికిని వసిష్ఠకును నడుమ సముద్రము వరకు వ్యాపించిన అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములు అగ్రహారములకు, తీర్థములకు పేరొందినవి. ఇక్కడి సభలలో మిక్కిలి పురాతనమైన దానికి ఉపన్యాసకులు లేరు. అది జగ్గన్నతోటలో ఏటేట కనుమనాడు జరుగు ప్రభల తీర్థము. పదునేడవ శతాబ్దమునుండి నడచుచున్నదని స్థానిక సంప్రదాయము. వ్యాఘ్రేశ్వరము, మోసలపల్లి, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారము, కె. పెదపూడి అను పదునొకండు గ్రామముల శివుళ్లు ఏకాదశ రుద్రులై ఆనాడు ఒకచోట కూడి లోకక్షేమమును గూర్చి ఆలోచన చేయుదురని జనుల విశ్వాసము. విశ్వాసమును అటుంచి చూచినను, ఇది పదునొకండు ఊళ్ల ప్రతినిధుల మహాసభయే.

ఆ సభకు అచ్చుపడిన నియమావళి యక్కరలేకపోయెను. అయినను నియమములు లేవని చెప్పరాదు. అధ్యక్షపదవి వ్యాఘ్రేశ్వరునిది. ఆ ప్రభ తోటలో అడుగిడగానే ముందుగా వచ్చియున్న ప్రభలన్నిటిని ఒకమారు పైకెత్తి గౌరవము చూపుదురు. ఆతిథ్యము మోసలపల్లి భోగేశ్వరునిది. వెదురుతో కట్టి, రంగుల గుడ్డలతో అలంకరించిన ప్రభను ఏ ఊరివారు ఆ ఊరినుండి తమ భుజములపై మోసికొని రావలెను. గంగలకుర్రు ప్రభలు కౌశికను దాటి రావలెను. మెడలోతు నీటిలో సైతము ప్రభ ఒరగకూడదు. దారిలో పచ్చని వరిచేలు అడ్డువచ్చినచో ప్రభ చేలలోనుండియే సాగును. పైరు నలిగినదని రైతు పేచీ పెట్టడు. స్వామి తన పొలమున అడుగుపెట్టెనని సంతసించును. ఆ నలిగిన పైరు ఏ రసీదు పుస్తకమునకును ఎక్కని విరాళము.

ఇట్టి సభ ఇన్ని తరములు నిలుచుటకు కారణమేమి? ఏ ఒక్కరి ధనము మీదను అది ఆధారపడలేదు. ఒక ఊరు ఒక ఏడు బీదదైనను తన ప్రభను తాను కట్టుకొనగలదు. ఒక ఊరి సంపన్నుడు ఎంత యిచ్చినను అధ్యక్షపదవి వ్యాఘ్రేశ్వరమునుండి తన ఊరికి మార్చుకొనజాలడు. ఖర్చు పంచబడినది, గౌరవము ముందే నిర్ణయింపబడినది. ఈ రెండు సూత్రములను మన పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురు గాక. తరువాత వచ్చిన సభలన్నిటి కష్టసుఖములు వీనిచుట్టును తిరిగినవి. 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటముపై ఈ ప్రభల తీర్థమే ఊరేగినది.

ఇక రెండవ తరహా సభ వేదసభ. కోనసీమ అగ్రహారములలో వేదము చదివిన పండితులు దసరాలకు పిఠాపురము, పెద్దాపురము, విజయనగరము వంటి సంస్థానములకు ప్రయాణమై పోయెడివారు. అక్కడ పరీక్ష జరుగును, పరీక్షానంతరము సంభావన. క్రమాంతము చదివినవానికి ఒక మొత్తము, ఘనాంతము చదివినవానికి అంతకు మించిన మొత్తము. కొందరికి ఏటేట తప్పక లభించు వార్షికము. సంభావన అనగా గౌరవించుట యని అర్థము. అందు ధనము రెండవది, గుర్తింపు మొదటిది. తన పేరు పట్టికలో ఎన్నవదిగా పిలిచిరను దానిని బట్టియే పండితుడు సంతోషించుటయో చిన్నబుచ్చుకొనుటయో జరిగెడిది.

ఈ పద్ధతి వేదమును నిలిపినదనుటలో సందేహము లేదు. ముద్రాయంత్రము లేని కాలమున, ఒక మనిషి పండ్రెండేండ్లు కూర్చుండి కంఠస్థము చేయవలెనన్న, ఆ మనిషి కుటుంబమునకు తిండి యెవరో పెట్టవలెను గదా! కాని దీనియందు రెండు లోపములుండెను. మొదటిది, సభ దాతది, పండితులది కాదు. రాజు మారినచో పట్టిక మారును. దివాను కనుసన్నలు మారినచో సంభావన మారును. రెండవది, సభలో ప్రవేశము పుట్టుకతో నిర్ణయమగుచుండెను. గోదావరి ఒడ్డుననే పుట్టి, అదే నీరు త్రాగిన వేలకొలది జనులకు ఆ పందిరిలో చోటు లేదు.

దాత పోయినచో ఏమగునో చరిత్ర చూపినది. 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీలు ముగిసినవి. 1956 నాటి ఇనాముల రద్దు చట్టముతో అగ్రహారపు మాన్యముల స్వరూపము మారినది. సంస్కరణ న్యాయమైనదే, సేద్యగాండ్రకు భూమిపై హక్కు వచ్చినది. కాని సంభావనలపై ఆధారపడిన వేదవిద్యకు ఆశ్రయము ఒక్కమారుగా తొలగెను. తరువాతి కాలమున తిరుమల తిరుపతి దేవస్థానము వేదపారాయణ పథకముద్వారా పండితులకు నెలనెల భృతి యేర్పరచి కొంత ఊతమిచ్చినది. సంస్థానపు సంభావన దేవస్థానపు జీతమైనది.

కోనసీమలో మరియొక విధమైన దానము గూడ వెలసినది. గన్నవరము లంకలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళ యనక, కులము అడుగక, వచ్చినవారికెల్ల అన్నము పెట్టిరి. గోదావరి దాటి వచ్చు బాటసారికి ఆ యిల్లే సత్రము. ఆ దానమునకు నియమావళి లేదు, కార్యదర్శి లేడు, సాలుసరి నివేదిక లేదు. ఉండవలసిన పనియు లేదు. ఏలయన, ఆ తల్లి పెట్టినది తన సొంతము. ఇప్పుడు గన్నవరము వద్ద కాలువను గోదావరిమీదుగా దాటించు అక్విడక్టుకు ఆమె పేరున్నది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు గూడ ఆమె పేరే పెట్టినది.

ఇక్కడ ఒక భేదమును గుర్తింపవలెను. తన అన్నమును పెట్టువారికి లెక్క అక్కరలేదు. ఇతరులిచ్చిన బియ్యముతో అన్నము పెట్టువారికి లెక్క తప్పదు. అదే మనిషి, అదే గరిటె. కాని ధర్మము వేరు. ఆ పథకపు భోజనమున ఆమె పేరే యున్నను, అందు ఖర్చగు ప్రతి రూపాయి ప్రజలది గనుక దానికి లెక్క యుండి తీరవలెను. మన సంఘములలో పుట్టిన తగవులలో పెక్కింటికి ఈ భేదమును మరచుటయే కారణము. మంచి మనసుతో చందాలు పోగుచేసినవాడు, లెక్క అడిగినంతనే తన మంచితనమును శంకించినట్లు భావించి కోపగించును. అడిగినది మంచితనమును గాదు, అప్పగింతను.

ఈ అప్పగింతకు మన దేశమున వ్రాతపూర్వకమైన రూపమిచ్చినది 1860 నాటి 21వ చట్టము, అనగా సంఘముల రిజిస్ట్రేషను చట్టము. పరాయి ప్రభుత్వము చేసినదైనను, అది సాంస్కృతిక జీవితమునకు గొప్ప పనిముట్టయ్యెను. సాహిత్యము, శాస్త్రము, లలితకళలు, విద్యావ్యాప్తి, గ్రంథాలయము, ధర్మకార్యము వంటి ఉద్దేశములతో ఏడుగురు లేదా అంతకు మించినవారు చేరి, తమ సంఘపు పేరు, ఉద్దేశములు, పాలకవర్గపు పేర్లు వ్రాసి, నియమావళిని జతపరచి దాఖలు చేసినచో సంఘము ఏర్పడును. ఆ ఏడుగురు ఏ కులమువారని గాని, ఏ రాజు అనుగ్రహము గలవారని గాని ఆ చట్టము అడుగలేదు.

దానిలోని కొన్ని నిబంధనలు ఇప్పటికిని ఆలోచింపదగినవి. మూడు నెలలకు మించి చందా బాకీపడిన సభ్యునకు ఓటు లేదు. అనగా పేరు మాత్రము ఇచ్చి పైకము ఇవ్వనివాడు సంఘమును నడపరాదు. సంఘపు ఉద్దేశములు మార్చవలెనన్న ఒక సమావేశము చాలదు. నెలరోజుల వ్యవధితో రెండు ప్రత్యేక సమావేశములు జరిపి, రెంటియందును అయిదింట మూడువంతుల మంది అంగీకరింపవలెను. ఆవేశములో చేసిన తీర్మానము నెలరోజులు చల్లారిన పిమ్మట గూడ నిలుచునా యని ఈ పరీక్ష. సంఘము రద్దయినచో మిగిలిన ఆస్తి సభ్యులు పంచుకొనరాదు. మరియొక సంఘమునకు చెందవలెను. అన్నింటికన్న ముఖ్యమైనది: దాఖలైన పత్రములను ఒక రూపాయి రుసుము చెల్లించి ఎవరైనను చూడవచ్చును. సభ్యుడే కానక్కరలేదు. ఆ రూపాయితో సామాన్యుడు పండితసభ తలుపు తట్టు హక్కు సంపాదించుకొన్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2001లో కొత్త సంఘముల చట్టము వచ్చినను, పునాది ఆ పాతదే.

ఈ కొత్త పద్ధతికిని పాత సంభావనకును నడుమ నిలిచిన సంస్థ ఆంధ్ర సాహిత్య పరిషత్తు. దానిని 1911లో మద్రాసున స్థాపించుటకు ముఖ్యుడైన జయంతి రామయ్య పంతులు కోనసీమలోని ముక్తేశ్వరమున జన్మించినవారే. ఆ పరిషత్తు పిమ్మట కాకినాడకు తరలినది. తాళపత్రములను సేకరించినది, పత్రికను నడపినది, మహానిఘంటువునకు పూనుకొన్నది. నిఘంటువు పని చందాలతో తీరునది కాదు. పండితులు ఏండ్ల తరబడి కూర్చుండి పదములను ఏరవలెను. ఆ వ్యయమును పిఠాపురపు మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యరావు గారు భరించిరి. అందుచేతనే అది సూర్యరాయాంధ్ర నిఘంటువైనది. మొదటి సంపుటము 1936లో వెలువడినది. పేరు దాతది, శ్రమ పండితులది, ఫలము తెలుగువారందరిది. సంపుటములను తరువాతి కాలమున పునర్ముద్రించినది ప్రభుత్వపు గ్రాంటుతో నడచిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ. ఒకే గ్రంథము రాజు సంభావనతో పుట్టి, ప్రజాధనముతో తిరిగి అచ్చయినది.

అయితే ధనబలము వాదబలము కాదనుటకు గూడ ఆ పరిషత్తే నిదర్శనము. గ్రాంథికభాషా పక్షమున అది దృఢముగా నిలిచెను. వ్యావహారిక పక్షమున గిడుగు రామమూర్తి పంతులు, కందుకూరి వీరేశలింగము అధ్యక్షులుగా 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజమును నెలకొల్పిరి. ఆ సమాజమునకు మహారాజులు లేరు. గిడుగువారి ‘తెలుగు’ పత్రిక కొద్దికాలమే నడచెను. కాని నేడు పత్రికలు, పాఠ్యగ్రంథములు ఏ భాషలో వచ్చుచున్నవో మనకు తెలియును. ధనము సభను నిలుపగలదు. సభలోని మాటను గెలిపించునది జనము.

అదే దశాబ్దమున మహాసభల యుగము మొదలైనది. 1913లో బాపట్లలో బి. ఎన్. శర్మ అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగెను. 1914లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ చిలకమర్తి లక్ష్మీనరసింహము అధ్యక్షతన నడచెను. వీనికి రాజు లేడు. ఆహ్వాన సంఘము కలదు. ఏ ఊరు పిలిచినచో ఆ ఊరివారు ఆహ్వాన సంఘముగా ఏర్పడి చందాలు వసూలు చేయుదురు; ప్రతినిధులు రుసుము చెల్లింతురు; కోశాధికారి జమాఖర్చులు వ్రాయును. పిలిచిన ఊరు వేరు, అధ్యక్షత వహించువారు వేరు. చూచితిరా, ఇది మోసలపల్లి ఆతిథ్యము, వ్యాఘ్రేశ్వరుని అధ్యక్షత అను పాత సూత్రమే! కొత్తగా చేరినది రసీదు పుస్తకము. 1920లో నాగపూరు కాంగ్రెసు సభ్యత్వ రుసుమును నాలుగణాలుగా నిర్ణయించుటతో, కూలివాడు గూడ జాతీయ సభకు దాత యగు అవకాశము గలిగెను.

పాత పందిళ్లలో చోటు దొరకనివారు ఈ కొత్త పద్ధతిని అందిపుచ్చుకొనుటలో వింత లేదు. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో, తమకు ఇతరులు పెట్టిన పంచములను పేరును త్రోసిపుచ్చి, ఆది ఆంధ్రులమని వారు ప్రకటించుకొనిరి. సంభావన ఎన్నడును అందని జనులు తమ సభను తామే జరుపుకొని, తమ పేరును తామే పెట్టుకొనిరి. సభాధనము తమదైనప్పుడే సభలోని మాట తమదగును.

కృష్ణకు ఆవల నిజాము రాజ్యమున సభకు ధనముకన్న ముందు అనుమతి కావలసివచ్చెను. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువుచేత సర్కారు సెలవు లేనిదే సభ జరుపరాదని కట్టడి యుండెను. ఆ కట్టుబాట్ల నడుమనే 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాము రాష్ట్రపు తొలి ఆంధ్ర మహాసభ జరిగెను. నియమములు రెండు విధములని దీనివలన తెలియుచున్నది. సభను కాపాడు నియమములు కొన్ని, సభను అణచు నియమములు కొన్ని. మొదటివి సభ్యులు తమకై తాము వ్రాసికొనునవి. రెండవవి పైనుండి వచ్చునవి.

నియమపాలనకు మన గోదావరి సీమలో ఒక బాలిక చూపిన మాదిరి చిరస్మరణీయమైనది. 1923 డిసెంబరులో కాకినాడలో అఖిల భారత కాంగ్రెసు మహాసభ జరిగినది. ఆ సభల తరుణమున కుమారుని పోగొట్టుకొని గూడ బులుసు సాంబమూర్తి నిర్వహణ భారమును విడువలేదు. ఏ ఖర్చుల పట్టికకును ఎక్కని ఖర్చు అది. సభలతోపాటు ఖద్దరు ప్రదర్శనము ఏర్పాటయ్యెను. ద్వారమున టిక్కెట్లు చూచు పని రాజమహేంద్రవరపు బాలిక దుర్గాబాయికి ఒప్పగించిరి. టిక్కెట్టు లేకుండ జవహర్‌లాల్ నెహ్రూ లోనికి రాబోగా ఆమె ఆపినది. నిర్వాహకులు కోపగించిరి. టిక్కెట్టు లేనివారిని పంపవద్దని మీరే చెప్పితిరి గదా యని ఆమె సమాధానము. టిక్కెట్టు కొని ఇచ్చిన పిమ్మటనే ఆయన లోనికి పోయిరి.

ఈ కథను పిల్లల ధైర్యమునకు ఉదాహరణగా చెప్పుదురు. మేము దీనిని జమాఖర్చుల చరిత్రలోని ఘట్టముగా చెప్పుచున్నాము. ఆ బాలికయే పెరిగి 1937లో మద్రాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించినది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై దేశమందలి స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు పంచు పద్ధతిని నడిపించినది. ద్వారము వద్ద టిక్కెట్టు అడిగిన చేయి, పిమ్మట దేశపు ధనమును పంచిన చేయి, రెండును ఒకటియే.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప సంస్కృతికి దాత ఎవరను ప్రశ్న మరల తలయెత్తెను. రాజులు పోయిరి. చందాలు చాలవు. ప్రభుత్వమే దాత కావలెను. కాని ప్రభుత్వము దాతయైనచో సభ ప్రభుత్వానిదగునా? దీనికి సమాధానముగా ఏర్పడినవి మూడు జాతీయ అకాడమీలు. సంగీత నాటక అకాడమీని 1953 జనవరి 28న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. దాని తొలి అధ్యక్షుడు మన తెలుగు నాటకకర్తయు, మద్రాసు ప్రధాన న్యాయమూర్తియు నైన పి. వి. రాజమన్నారు. సాహిత్య అకాడమీ 1954 మార్చి 12న ప్రారంభమైనది. లలితకళా అకాడమీ అదే సంవత్సరము ఆగస్టులో వెలసినది.

సాహిత్య అకాడమీని పుట్టించినది ప్రభుత్వ తీర్మానమే యైనను, 1956 జనవరి 7న అది పైన చెప్పిన 1860 చట్టము క్రింద సంఘముగా రిజిస్టరయ్యెను. అనగా దేశపు అత్యున్నత సాహిత్య సంస్థయు, అమలాపురములోని ఒక చిన్న నాటక సమాజమును చట్టము దృష్టిలో ఒకే జాతివి! ప్రభుత్వము ధనమిచ్చును, ఆడిటు జరుగును, కాని ఏ గ్రంథమునకు బహుమతి ఈయవలెనో నిర్ణయించునది సాహిత్యకారులతో కూడిన వర్గము. తొలి అధ్యక్షుడు నెహ్రూయే. అకాడమీ అధ్యక్షునిగా తన పనిలో ప్రధానమంత్రి జోక్యము చేసికొనుట తనకు ఇష్టము లేదని ఆయన చమత్కరించిరి. ఆ ఇద్దరును ఒక్కరే యని అందరికిని తెలియును. అయినను ఆ చమత్కారమున ఒక రాజ్యాంగసూత్రము ఇమిడియున్నది.

రాజోలు ప్రాంతపు మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్న గారి ‘గుడిసెలు కాలిపోతున్నై’ అను కావ్యమునకు 1975లో ఈ అకాడమీ బహుమతి లభించినది. సంస్థానపు సంభావన పట్టికలో ఆయన వంశమువారి పేరు చేరుటకు దారి లేదు. ప్రజాధనము, స్వతంత్ర నిర్ణయము అను రెండు కలిసినచో ఏమి సాధ్యమో దీనివలన తెలియును.

జాతీయ సంస్థలు గూడ పరీక్షకు అతీతములు కావు. 1970లో జి. డి. ఖోస్లా అధ్యక్షతన ఒక సంఘమును, 1988లో పి. ఎన్. హక్సర్ అధ్యక్షతన మరియొక సంఘమును అకాడమీల పనితీరును విచారించినవి. ధనము పుచ్చుకొన్నవారు కాలానుగతముగా పరులకు సమాధానము చెప్పుట అవమానము కాదు, ఆరోగ్యము.

రాష్ట్రములో మనకు కలిగిన అనుభవము చేదైనది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1957లో బెజవాడ గోపాలరెడ్డి అధ్యక్షతన ఏర్పడి, ప్రాచీన కావ్యములను సామాన్యులకు అందుబాటు వెలలో అందించినది. 1983లో ప్రభుత్వ నిర్ణయముచేత రాష్ట్ర అకాడమీలు రద్దయినవి. 1985 డిసెంబరు 2న తెలుగు విశ్వవిద్యాలయము ఏర్పడి వాని పనులలో కొన్నింటిని స్వీకరించినది. ఆ నిర్ణయపు మంచిచెడ్డలు అటుంచుదము. ఒక చేయి మాత్రమే ఇచ్చుచున్నచో, ఆ చేయి ముడుచుకొన్ననాడు సంస్థ కూలును. 1948లో వేదసభకు జరిగినదే 1983లో సాహిత్యసభకు జరిగెను. దాత మకుటము ధరించెనా, ఎన్నికలలో గెలిచెనా అను భేదము సంస్థకు లేదు.

ఇటీవలి నియమములు ఈ అపాయమును కొంత గుర్తించినవి. సదస్సులకు, ఉత్సవములకు కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చు సాయము సాధారణముగా ఖర్చులో నూటికి 75 వంతులకు మించదు. 5 లక్షల రూపాయలు సామాన్య పరిమితి. మిగిలినది సంస్థయే సమకూర్చుకొనవలెను. పైకమంతయు ముందుగా ఈయరు. ఖర్చు పెట్టిన తీరునకు వినియోగ పత్రము దాఖలు చేయవలెను. నిర్వాహకులు దీనిని చాదస్తమని విసుగుకొందురు. కాని ఆ నాలుగవ వంతు కొరకు ఊరిలో ఇల్లిల్లు తిరిగినప్పుడే సభ ఊరివారిదగును. 1996లో ఏర్పడిన జాతీయ సాంస్కృతిక నిధికి ప్రైవేటు దాతలు విరాళమిచ్చి, అది ఏ పనికి వినియోగింపవలెనో కోరవచ్చును. ఆ విరాళమునకు ఆదాయపు పన్నులో పూర్తి మినహాయింపు గలదు.

కోనసీమకు మరియొక సంగతి ముఖ్యము. ఇక్కడి బిడ్డలు గల్ఫు దేశములలోను, అమెరికాలోను స్థిరపడి సొంత ఊరి గుడికి, గ్రంథాలయమునకు, నాటక పరిషత్తునకు డబ్బు పంపుచున్నారు. భారత పౌరుడుగనే యున్న ప్రవాసి తన సొంత సంపాదననుండి ఇచ్చునది విదేశీ విరాళము కాదు. పరదేశపు పౌరసత్వము స్వీకరించినవారి విరాళము మాత్రము విదేశీ విరాళముల చట్టమునకు లోబడును. పుచ్చుకొను సంఘమునకు ఆ చట్టము క్రింద రిజిస్ట్రేషను గాని, అనుమతి గాని ఉండవలెను. మన పిల్లవాడే గదా యని పుచ్చుకొన్న డబ్బు సంఘమును చిక్కులలో పడవేయవచ్చును. ప్రేమకు పౌరసత్వము లేదు గాని, చెక్కునకు కలదు.

ఈ చరిత్రనంతయు కలిపి చూచినచో మాకు తోచునది ఇది. సభకు దాత ఒక్కడే కారాదు. ఎక్కువ యిచ్చినవానికి కృతజ్ఞత చెల్లును, అధ్యక్షత చెల్లదు. ఖర్చునకు అనుమతి ముందే పొందవలెను. సభ జరిగిన పిమ్మట తీర్మానించుట అనుమతి కాదు, క్షమాభిక్ష. పండితునకిచ్చు ప్రయాణపు ఖర్చు, భోజనము, పారితోషికము వేరువేరుగా వ్రాయవలెను. అట్లు వ్రాసినచో ఇచ్చువారికిని పుచ్చుకొనువారికిని గౌరవము. వస్తురూపముగా వచ్చిన దానిని గూడ జమ కట్టవలెను. బస్తా బియ్యము, పందిరి కర్రలు, రాత్రి కాపలా సైతము విరాళములే. మిగిలినది ఎంతైనను అందరి యెదుట చదివి వినిపింపవలెను.

అమలాపురములోను, రాజోలులోను, కొత్తపేటలోను ఏ చిన్న సమాజము వార్షికోత్సవము జరిపినను, సన్మానపత్రముతోపాటు జమాఖర్చుల పట్టికను గూడ వేదికపై చదువు ఆచారము పెట్టుకొన్నచో ఎంత బాగుండును! అందుకు పట్టునది అయిదు నిమిషములు. వినువారిలో కొందరు ఆవులింతురు. కాని ఆ పట్టికలో తన పది రూపాయల పేరు వినబడిన ముసలి తాత ఆవులింపడు. ఆ సభ తనదని ఆయనకు ఆ క్షణముననే తెలియును. వచ్చే యేడు ఆయన ఆ సమాజమునకు కావలి కాయును. ఆయన తరువాత ఆయన మనుమడు కాయును. సంస్కృతి నిలుచుట యనగా అంతకుమించి వేరేమున్నది?